దావోస్ వీసెన్‌లో బండి ఊరికే ఆగదు

స్విట్జర్లాండ్‌లోని దావోస్ హోటళ్ళలో కొత్తగా పనికి కుదిరిన మనవాళ్ళు తినే చీవాట్లలో ఇదొకటి. స్టేషన్లో రైలుబండి కనబడగానే చెయ్యి ఊపుతారు. డ్రైవరు విసుక్కుంటాడు: "బటన్ నొక్కాలని తెలీదా?"

ఫిలిసూర్–దావోస్ మీటర్‌గేజ్ లైను 1909 నాటిది, సింగిల్ ట్రాక్. అందులో దావోస్ వీసెన్ స్టేషను దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉంటుంది. పక్కనే 88 మీటర్ల ఎత్తు రాతి వంతెన. ఊరేమో ఇంకా పైన, కొండ మీద. గంటకో బండి. అదీ అడిగితేనే ఆగుతుంది.

ఎక్కాలంటే ప్లాట్‌ఫాం మీదున్న బటన్ ముందుగానే నొక్కి, డ్రైవరుకి కనబడేలా నిలబడాలి. చలికి గదిలో ముడుచుక్కూర్చుంటే బండి మన ముందునుంచే వెళ్ళిపోతుంది. దిగేవాళ్ళు ముందు స్టేషను దాటగానే లోపలి బటన్ నొక్కాలి. వంతెన ఎక్కాక నొక్కితే ఆలస్యమైపోయినట్టే. బండి ఆగాక తలుపుకి ఇంకో బటన్. అదీ నొక్కకపోతే తలుపు తెరుచుకోదు, లోపలి వేడి పోకూడదని. ఈ రెండు బటన్లనీ కలగలిపేసి దిగాల్సినచోట దిగలేకపోయేవాళ్ళే ఎక్కువ.

ఈ పట్టుదలకి కారణం లేకపోలేదు. సింగిల్ లైను మీద ఎదురుబండిని దాటేది నిర్ణయించిన స్టేషన్లలోనే. ఫిలిసూర్ జంక్షన్‌లో కూర్, సెయింట్ మోరిట్జ్ ఊళ్ళకి వెళ్ళే బండ్లు అందుకోవాలి. ఎక్కేవాళ్ళు లేనిచోట ఆగి, మళ్ళీ ఘాట్ ఎక్కడానికి వేగం అందుకునేసరికి పోయే నిమిషం వెనకాల అందరికీ అంటుకుంటుంది.

అర్థమవుతుంది గానీ మనసు ఒప్పుకోదు. మన కొత్తవలస–కిరండోల్ లైనూ కొండలైనే, శిమిలిగుడ దగ్గర వెయ్యి మీటర్లకి ఇంచుమించుగా ఎక్కుతుంది. ఖనిజం గూడ్సు బండ్ల కోసం పాసింజర్ని పక్కనున్న లూప్ లైనులో పడేస్తారు, నిజమే. కానీ బొర్రా గుహలు స్టేషన్లో బండి ఆగడానికి ఎవరూ అర్జీ పెట్టుకోనక్కర్లేదు. జెండా పట్టుకుని ఓ మనిషుంటాడు, తిట్టాలన్నా, "బండెప్పుడండీ?" అని అడగాలన్నా. ఇక్కడ ఆ రెండింటికీ యంత్రమే దిక్కు.

టికెట్ సంగతీ అంతే. యాప్‌లో కొంటే బండి కదలకముందే కొనాలి. కదిలాక కొన్నది చెల్లదు, జరిమానా వేరే. సీట్లో కూర్చుని తీరిగ్గా కొందామనుకునే అలవాటు ఇక్కడ కుదరదు.