రాజకీయ నివేదికలు రాయడం ఎలా అలవాటైంది: నా అనుభవం

ఐక్యరాజ్యసమితి క్షేత్ర కార్యాలయంలో రాజకీయ వ్యవహారాల విభాగం అంటే పొద్దున మీటింగులు, మధ్యాహ్నం మనుషుల్ని కలవడం, సాయంత్రానికి రిపోర్టు. రాసేవాళ్లకు కొదవ లేదు, చదివేవాళ్లకే తీరిక లేదు. అందుకే విశ్లేషణ, నివేదిక రచన మీద ఒక ట్రైనింగ్‌లో చేరాను. భాషకు మెరుగులు దిద్దుతారేమో అనుకున్నాను. వాళ్లు భాష జోలికే రాలేదు.

పాత రిపోర్టులోంచి ఒక వాక్యం తెచ్చుకోమన్నారు. నేను తీసుకెళ్లింది: "పరిస్థితి ప్రశాంతంగా ఉన్నా ఉద్రిక్తత కొనసాగుతోంది." ఏ దేశానికైనా, ఏ వారానికైనా అతికే వాక్యం. ట్రైనర్ గారు దాని పక్కన "అయితే ఏంటి?" అని రాసి తిరిగిచ్చారు. తిరగరాయగా తిరగరాయగా ఇలా తేలింది: "జీతాల బకాయిలు నెలాఖరులోగా చెల్లించకపోతే పోలీసులు విధులు బహిష్కరించే అవకాశం ఎక్కువ. అదే జరిగితే ఓటర్ల నమోదు ఆగిపోతుంది." చదివిన అధికారికి వెంటనే ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది.

నాకు అసలు టెన్షన్ ఆ "అవకాశం ఎక్కువ" దగ్గరే. జరిగింది రాయడం తేలిక. జరగబోయేది రాస్తే రేపు మన మెడకే చుట్టుకుంటుందని భయం. అందుకే "ఏమైనా జరగవచ్చు" అంటూ గోడ మీద పిల్లివాటంగా రాయడం అందరికీ అలవాటు. ట్రైనింగ్‌లో చెప్పిన ఒక నియమంతో నా భయం చాలావరకు తగ్గింది: అంచనా కిందే, ఏ సంకేతాలు కనిపిస్తే దాన్ని మార్చుకుంటామో కూడా రాసేయాలి. మంచి, చెడు, మధ్యస్థం అని మూడు పరిణామాలు రాసే పద్ధతి కూడా నేర్పారు గానీ, అది నాకు పెద్దగా నచ్చలేదు. చదివేవాళ్లు ఎలాగూ మధ్యదాన్నే పట్టుకుంటారు.

నన్ను బాగా కదిలించింది రువాండా పాఠం. 1994 జనవరి 11న అక్కడి శాంతి పరిరక్షక దళాధిపతి రోమియో డలేర్ న్యూయార్క్‌లోని ఐరాస ప్రధాన కార్యాలయానికి ఒక ఫ్యాక్స్ పంపారు. దాచిపెట్టిన ఆయుధాలు, టుట్సీ తెగవాళ్ల పేర్ల నమోదు, సాయుధ ముఠాలు 20 నిమిషాల్లో వాళ్లలో వెయ్యి మంది వరకు చంపగలవన్న మాట, అన్నీ అందులో ఉన్నాయి. సబ్జెక్టు లైను మాత్రం, సమాచారం ఇచ్చిన వ్యక్తికి రక్షణ కోరుతున్నట్టు ఉంది. ఆయుధాలు స్వాధీనం చేసుకోవడం దళానికిచ్చిన అధికార పరిధిలోకి రాదని ప్రధాన కార్యాలయం ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో మారణహోమం మొదలైంది. నెపమంతా సబ్జెక్టు లైను మీద వేయడం అన్యాయమే. పైన కదిలే ఉద్దేశం లేనప్పుడు ఎంత బాగా రాసినా ఒకటే. అయినా ఆ కాగితం చూసినప్పటి నుంచి నేను శీర్షిక ముందు రాసుకుని, మిగతాది తర్వాతే మొదలుపెడుతున్నాను.

ఇక ఆధారాల సంగతి. "ముగ్గురు చెప్పారు" అంటాం. ఆ ముగ్గురూ విన్నది ఒకే రేడియో వార్త అయితే అది ఒక్క ఆధారమే. పేరు దాచడంలోనూ కిటుకుంది: "గ్రామంలోని ఉపాధ్యాయురాలు" అని రాస్తే, ఆ ఊళ్లో టీచరమ్మ ఒక్కరే అయినప్పుడు పేరు రాసినట్టే లెక్క.

ఐరాస ఛార్టర్ 100వ అధికరణం ప్రకారం మేం ఏ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు తీసుకోకూడదు. ఈ తటస్థతను కొందరు ఎవరినీ నొప్పించకుండా రాయడం అనుకుంటారు. భద్రతామండలికి అది వినాలనుకునేది కాకుండా, తెలుసుకోవాల్సింది చెప్పాలని శాంతి పరిరక్షణపై ఐరాస నిపుణుల బృందం ఇచ్చిన 2000 నాటి బ్రహిమి నివేదిక స్పష్టంగానే చెప్పింది. నేను నిందించే విశేషణాలు తీసేస్తాను, కర్తను మాత్రం తీయను. "కాల్పులు జరిగాయి" అని వదిలేయకుండా, నిర్ధారణ అయితే "సైన్యం కాల్పులు జరిపింది" అనే రాస్తాను.

సిఫార్సుల్లో "పరిస్థితిని నిశితంగా గమనించాలి" అన్న ముక్క కూడా వదిలేశాను. ఎవరు, ఎవరితో, ఎప్పటిలోగా మాట్లాడాలో రాస్తున్నాను. మునుపు నా రిపోర్టుకు "అందింది" అని ఒక్క మాట వచ్చేది. ఇప్పుడు ప్రశ్నలు వస్తున్నాయి, కొన్నిసార్లు అదే రాత్రి.