సాయంత్రం ఆరు, మిక్చర్ డబ్బా, బీరపాదు

నాకు బరువు తగ్గడానికి చేసే స్లీవ్ సర్జరీ అయ్యి నాలుగేళ్లు దాటింది. అప్పుడు 112 కిలోలు, ఏడాదిన్నరకి 71కి దిగా, ఇంకేముంది గట్టెక్కేశా అనుకున్నా. ఆ తర్వాత నెలకి అరకిలో చొప్పున చప్పుడు చెయ్యకుండా ఎక్కుతూ ఎక్కుతూ ఒకరోజు చూస్తే 79. బీరువా అడుగున కుక్కేసిన పాత జాకెట్లు మళ్లీ తియ్యాలేమో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు నిజంగా.

తెలియని వాళ్లకి చెప్తున్నా, స్లీవ్‌లో కడుపు దాదాపు 75-80 శాతం కోసి తీసేస్తారు, మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే కాబట్టి మొదటి ఏడాది అసలు ఆకలే ఉండదు, తినమ్మా అని బతిమాలాలి. తర్వాత మెల్లగా తిరిగొస్తుంది. రెండేళ్లు దాటాక కొంత బరువు వెనక్కి రావడం చాలామందిలో ఉండేదే అని మా డైటీషియన్ చెప్పింది, చెప్పి ఒక నోట్‌బుక్ ఇచ్చి ఏం తిన్నా టైమ్‌తో సహా రాయమంది.

రాస్తే దొంగ దొరికాడు. భోజనాల దగ్గర నా తప్పేం లేదు, ముందు గుడ్డో పనీరో చికెనో, తర్వాత కూర, చివర్లో రెండు ముద్దల అన్నం, అంతా పద్ధతిగానే ఉంది. సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు మధ్యలోనే ఉంది కథంతా. మిక్చర్ డబ్బా, జంతికలు, టీలో బిస్కెట్లు. ఇవి మాలాంటి వాళ్లకి ఎందుకు డేంజర్ అంటే నోట్లోనే మెత్తగా అయిపోయి కిందకి జారిపోతాయి, కడుపు నిండినట్టే ఉండదు. ఉడకబెట్టిన గుడ్డు ఒకటి తినేసరికి చాలు అనిపించే కడుపులోకి జంతికలు అరడబ్బా పోతాయి, నమ్మండి.

మేడ మీద తోట పెట్టింది దీనికోసం అని గొప్పలు చెప్పను. మా అత్తయ్యగారు తెనాలి దగ్గర పల్లె నుంచి మా దగ్గరికి వచ్చేశాక ఆవిడకి తోచక మొదలుపెట్టాం. మాది హైదరాబాద్‌లో అద్దిల్లు, స్లాబ్ చెమ్మ లాగుతుందని ఓనర్ ఆంటీ గొడవ, ఇటుకలు పేర్చి వాటి మీద మొక్కల బ్యాగులు పెడతాం అంటే ఒప్పుకుంది. ఎర్రమట్టి, కోకోపీట్ అనే కొబ్బరిపొట్టు, వర్మికంపోస్ట్ సమానంగా, గుప్పెడు వేపపిండి. తోటకూర, గోంగూర, వంగ, జూన్‌లో తొలకరికి పెద్ద బ్యాగులు రెండింట్లో బీర.

బీరపాదు ఎక్కడంతో ఎక్కింది, పూసింది, కాయ మాత్రం లేదు. వారం రోజులు అన్నీ గుత్తులుగా మగపూలే. తర్వాత ఆడపూలు వచ్చాయి, ఒక్కోటిగా, పువ్వు వెనకాల వేలెడంత పిందె ముందే ఉంటుంది చూడండి అదీ గుర్తు. అవి కూడా పసుపుపచ్చగా అయిపోయి రాలిపోతున్నాయి. అత్తయ్య చూసి "పువ్వుకి పువ్వు తగలాలమ్మా, ఇన్ని మెట్లెక్కి పైకి ఏ పురుగొస్తుంది, నువ్వే తగిలించు" అన్నారు. మగపువ్వు తుంపి రేకులు వెనక్కి మడిచి ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి, వేలికి పసుప్పచ్చ పొడి అంటుకుంటుంది. అయితే బీరపువ్వు పొద్దున విచ్చుకోదు, సాయంత్రం విచ్చుకుంటుంది. సరిగ్గా నా మిక్చర్ టైముకి!

అలా రోజూ ఆరింటికి పైన నేను, కింద డబ్బా. నీళ్లు పోయడం, వంగ ఆకుల వెనక పిండినల్లి ఉందేమో తిప్పి చూడటం, ఉంటే వేపనూనె, ఎదిగే బీర పిందెలకి పండు ఈగ కుట్టకుండా కాగితం చుట్టడం, కిందకి దిగేసరికి ఏడున్నర, ఇక నేరుగా భోజనమే. మట్టిచేతులతో జంతికలు తినలేం కదా. ఏడాదిలో 74కి వచ్చా. మందులూ మార్చలేదు జిమ్ముకీ పోలేదు.

తప్పులు కూడా చెప్పాలి. ఇంట్లో ఇన్ని ఆకుకూరలుండగా ఐరన్ బిళ్లలు ఎందుకులే అని నాలుగు నెలలు అన్ని బిళ్లలూ మానేశా, జుట్టు దువ్వెన నిండా రావడం మొదలైంది, టెస్ట్‌లో బి12 పాతాళంలో ఉంది. బి12 ఆకుకూరల్లో ఉండనే ఉండదు, ఈ సర్జరీ అయిన మనకి అది జీవితాంతం వేసుకోవాల్సిందే. ప్రొటీన్ కూడా అంతే, రోజుకి 60 గ్రాములన్నా కావాలి, బీరకాయ నీళ్లకాయ, అది ఇవ్వదు. గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, బరువు తగ్గడానికే చేసే ఇంకో కడుపు సర్జరీ) అయినవాళ్లు పాలకూర రోజూ తినేముందు డాక్టర్‌ని అడగండి, అందులో ఆక్సలేట్ ఎక్కువ, వాళ్లకి కిడ్నీలో రాళ్ల భయం మనకంటే ఎక్కువ.

ఇంకోటి, ముదిరిన కాయ. ఊరెళ్లి నాలుగురోజులకి వచ్చేసరికి ఆకుల చాటున ఒకటి ఇంతపొడుగు ఎదిగిపోయింది, పారెయ్యడానికి మనసొప్పక వండేశా. రెండో ముద్దకే పీచు గుండెల దగ్గర ఇరుక్కుని నోట్లో నురగ, అరగంట సింక్ దగ్గరే నిలబడ్డా. ఇప్పుడు గోరు గుచ్చి చూస్తా, సర్రున దిగితేనే కోత, లేకపోతే ఎండబెట్టి వీపు రుద్దుకోవడానికి.

లేత కాయ తొక్కు కూడా వృథా పోదు మా ఇంట్లో. అత్తయ్య దానికి పచ్చిమిర్చి, చింతపండు, నువ్వులు వేసి రోట్లో పచ్చడి నూరతారు. ఆ రోజు మాత్రం రెండు ముద్దల లెక్క నాలుగవుతుంది, మర్నాడు పొద్దున నేను బరువు మిషన్ వైపు వెళ్లను.