పాడేరు కొండల్లో ఆశా కార్యకర్త వెంట

విశాఖ నుంచి చోడవరం, మాడుగుల దాటాక ఘాట్ రోడ్డు ఎక్కాం. వంజంగి మబ్బులు చూడ్డానికి వెళ్లే బళ్లు ముందూ వెనకా బారులు తీరాయి. నేను మాత్రం ఒక ఆశా కార్యకర్తతో కొండ మీది ఊళ్లు తిరగడానికి వెళ్లాను. అక్కడ ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో పనిచేసే ప్రభుత్వ నర్సుగా, చేస్తున్న నా స్నేహితురాలు ఎప్పటినుంచో పిలుస్తోంది.

తారు రోడ్డు అయిపోయిన చోట ఆ ఆశా కార్యకర్త మాకోసం నిలబడి ఉంది. భుజానికి సంచి, చేతిలో కర్ర. వలిసె పూలు విరగబూసిన మళ్ల గట్ల మీదుగా కాలిబాట పట్టాం. దారిలో రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటాలి. గర్భిణుల్ని డోలీలో మోసుకెళ్లిన వార్తలు పేపర్లో ఎన్నోసార్లు చదివాను. ఉత్త చేతులతో దిగుతుంటేనే నాకు కాళ్లు జారే ఆ నాచు రాళ్ల మీద నొప్పులు పడుతున్న మనిషిని మోసుకుంటూ ఎలా దిగుతారో!

మొదట వెళ్లింది ఒక బాలింత ఇంటికి. బిడ్డ పుట్టి ఏడో రోజు. ఆవిడ గడపలోనే ఆగి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. బిడ్డ నిద్రపోతుంటే పొట్ట మీది గుడ్డ తప్పించి, వాచీ చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టింది. అరవై, ఆపైన ఉంటే వెంటనే ఆస్పత్రికి పంపాలట. తర్వాత చిన్న ఉయ్యాల్లాంటి గుడ్డలో పడుకోబెట్టి కొక్కేనికి తగిలించి తూచింది. 2 కిలోల 100 గ్రాములు. రెండున్నర కిలోలు లేకపోతే తక్కువ బరువు కిందే లెక్క. తల్లి చేత బిడ్డను రవిక లోపల గుండెకి ఆనించుకునేలా పడుకోబెట్టించింది. స్నానం వద్దంది, తేనె నాకించొద్దంది. తల్లితో వాళ్ల భాషలోనే మాట్లాడింది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ, అత్తగారు తలూపిన తీరు చూస్తే మాట చెల్లిందని తెలుస్తోంది. మనూరి పిల్ల చెప్పే మాటకీ, జీపు దిగిన ఆఫీసరు చెప్పే మాటకీ చాలా తేడా ఉంటుంది మరి.

ఈ పద్ధతికి మూలం మన పొరుగునే ఉంది. తెలంగాణకి ఆనుకున్న గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్లకే పసికందుల సంరక్షణ నేర్పారు. అలా పనిచేసిన 39 ఊళ్లలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. 2005లో మొదలైన ఆశా వ్యవస్థకు 2011 నుంచి దేశమంతటా ఇదే పని అప్పగించారు. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికెళ్లి చూడాలి.

అక్కడి నుంచి ఒక కుర్రాడి ఇంటికి వెళ్లాం. వాడికి వైవాక్స్ మలేరియా. మూడు రోజుల క్లోరోక్విన్‌తో జ్వరం దిగిపోయింది. కానీ కాలేయంలో దాగిన క్రిమి చావాలంటే ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులూ మింగాల్సిందే. ఆవిడ మాత్రల అట్ట తెప్పించి లెక్కపెడితే రెండు ఎక్కువగా మిగిలాయి. కసరలేదు. వాడి చేత ఆ రోజు మాత్ర తన ఎదుటే మింగించి, మిగతా రోజులకి వాడి అక్కను కాపలా పెట్టింది. మంత్రాలతో నయం చేసే దిసారి దగ్గరికి కూడా వెళ్లొచ్చామన్నాడు తండ్రి. "వెళ్లండి బావా, కానీ మాత్రలు మాత్రం మానకండి," అంది. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. నమ్మకంతో గొడవ పెట్టుకుంటే మర్నాటి నుంచి ఆ తలుపు తెరుచుకోదు.

మందులు ఎవరైనా పంచుతారు. మళ్లీ వచ్చి చూసే మనిషి ఉండటమే అసలు వైద్యం అని నాకు గట్టిగా అనిపించింది. అలాంటి మనిషికి ఇప్పటికీ ప్రభుత్వ ఉద్యోగి అన్న గుర్తింపు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గౌరవ వేతనం నెలకు పదివేలు చేశారు, అది మంచి పనే. అయినా ఎండలో, వానలో ఇన్ని ప్రాణాలకి పూచీ పడుతున్నవాళ్లని స్వచ్ఛంద సేవకులని పిలవడం అన్యాయం.

చివరి ఇంట్లో నెలలు నిండుతున్న గర్భిణి ఉంది. కాన్పుకి ముందే పాడేరులోని గర్భిణుల వసతి గృహానికి వెళ్లి ఉండాలని ఆవిడ పట్టు. కోతలయ్యాక చూద్దామంటాడు భర్త. ఆవిడ అతన్ని వదిలేసి అత్తతో మాట్లాడింది. ఇంట్లో వంటెవరు చేస్తారు, మేకల్నెవరు తోలతారు, అన్నీ ఒక్కొక్కటిగా తేల్చింది. పెద్దావిడ ఒప్పుకునేసరికి పొద్దు వాలింది.

దిగేటప్పుడు ఒక మలుపులో ఫోన్ సిగ్నల్ తగిలింది. ఆవిడ అక్కడే బండ మీద కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్నవన్నీ యాప్‌లో ఎక్కించింది. తర్వాత జీపు డ్రైవర్‌కి ఫోన్ చేసింది. "తమ్ముడూ, సంత రోజు ముందు సీటు ఖాళీగా ఉంచు. ఆ అమ్మాయిని కిందికి నేనే తీసుకొస్తాను. ఎక్కాక మాత్రం నెమ్మదిగా తోలాలి, సరేనా?"