ఎండాకాలం, ఇన్వర్టర్ బ్యాటరీ
వరంగల్ మే ఎండకు రేకుల కింద పెట్టిన ట్యూబులర్ బ్యాటరీ నీళ్లు తెగ తాగుతుంటే ముందు చార్జింగ్ వోల్టేజీ చూడండి. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) బ్యాటరీకి 15 ఆంపియర్ల చార్జింగ్ కరెంటు చాలు. 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టుల దాకా ఎక్కించి, కరెంటు 3 ఆంపియర్లకు పడిపోయాక 13.6 వోల్టుల ఫ్లోట్‌కు, అంటే నిండిన బ్యాటరీని అలాగే నిలబెట్టే వోల్టేజీకి, దించాలి. 25 దాటి వేడెక్కితే డిగ్రీకి ఒక్కో సెల్లుకు సుమారు 4 మిల్లీవోల్టులు తగ్గించాలి. 12 వోల్టుల బ్యాటరీలోని ఆరు సెల్లులకు, 40 డిగ్రీల దగ్గర 14.4 కాస్తా 14.04 అవుతుంది. వేడిని కొలిచే సెన్సార్ లేని చార్జర్‌కు ఈ లెక్క తెలియదు, ఎక్కువ వోల్టేజీ ఎక్కించి పాజిటివ్ గ్రిడ్‌ను (పాజిటివ్ ప్లేట్లలోని సీసపు చట్రాన్ని) తినేస్తుంది. అలాగని మరీ తగ్గిస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, అది ఇంకా మొండిది.

డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాకే పోయాలి. ప్లేట్లు బయటపడి ఉంటే మునిగేంత మాత్రం ముందే. నిండా పోసి చార్జింగ్ పెడితే యాసిడ్ పొంగి టెర్మినళ్లు పాడవుతాయి. బోరు నీళ్లయితే అసలే వద్దు, అందులోని ఇనుము, క్లోరైడ్లు ప్లేట్లకు చేటు.