అమ్మ వస్తోంది, పదమూడు కచేరీలు

నవంబరు ఆఖరి వారం వచ్చిందంటే మద్రాసులో రెండు రకాల మనుషులకి నిద్ర పట్టదు. వేళచ్చేరిలో ఉండేవాళ్లకి వాన బెంగ. కర్ణాటక సంగీత కచేరీల పిచ్చి ఉన్నవాళ్లకి టికెట్ల బెంగ. నేనుండేది వేళచ్చేరిలో, పిచ్చి కూడా ఉంది. (చెన్నై అనాలని తెలుసు. ఇక్కడికొచ్చి పంతొమ్మిదేళ్లయినా మా ఇంట్లో ఎవరికీ ఆ మాట అలవాటు కాలేదు.)

ఈసారి మూడో బెంగ కూడా చేరింది. అమ్మ వస్తోంది. విజయనగరం నుంచి వైజాగ్ దాకా తమ్ముడు కార్లో తెచ్చి రైలెక్కిస్తాడు, డిసెంబరు 19 పొద్దున్న సెంట్రల్‌లో దిగుతుంది, 29 రాత్రి తిరుగు ప్రయాణం. అమ్మకి డెబ్బై మూడు. కుడి మోకాలు అరిగిపోయింది. చెవులు మాత్రం నాకంటే బాగా పనిచేస్తాయి, అదే అసలు చిక్కు.

అందుకని వారం రోజులుగా మా భోజనాల బల్ల మీద భోజనాలు లేవు. సభల (అంటే కచేరీలు పెట్టే సంస్థల) కార్యక్రమాల కాగితాలు పరిచి ఉన్నాయి. మా ఆయన కంచం ఒళ్లో పెట్టుకుని తింటున్నారు.

ఊరు తెలియనివాళ్లకి చెప్పాలి. డిసెంబరు సీజన్ అంటే ఒక చోట జరిగే ఉత్సవం కాదు. ఊళ్లో ఎన్ని సభలున్నాయో అన్నీ ఒకేసారి తలుపులు తెరుస్తాయి. మ్యూజిక్ అకాడమీలో డిసెంబరు 15న మొదలై జనవరి 1న బిరుదుల సదస్సుతో ముగుస్తుంది. అదే టీటీకే రోడ్డు మీద నారద గాన సభ. టీనగర్లో కృష్ణ గాన సభ, వాణీ మహల్. మైలాపూర్ తూర్పు మాడవీధిలో భారతీయ విద్యాభవన్. ఇంకా పార్థసారథి స్వామి సభ, అది 1900లో పుట్టింది, అన్నింటికన్నా పెద్దది వయసులో. ఒకే రోజు ఒకే గంటలో నాలుగు చోట్ల నలుగురు మంచి గాయకులు పాడుతూ ఉంటారు. వినగలిగేది ఒక్కళ్లని. మిగతా ముగ్గురినీ వదులుకున్న బాధ ఇంటికెళ్లాక కూడా పోదు.

దీనికంతటికీ మూలం 1927 డిసెంబరులో ఇక్కడ జరిగిన కాంగ్రెస్ మహాసభ. దానితోపాటే సంగీత సమావేశం కూడా పెట్టారు. అందులోంచి మరుసటేడు అకాడమీ పుట్టింది. రాజకీయాల వాళ్లు వచ్చి వెళ్లిపోయారు, డిసెంబరు మాత్రం సంగీతానికి మిగిలిపోయింది.

ఫలానా రోజు ఫలానా వారు అని నేనిక్కడ రాయను. ఆ కాగితాలు ఎవరికైనా దొరుకుతాయి. అమ్మని దృష్టిలో పెట్టుకుని వాటిలోంచి ఎలా ఏరుకున్నానన్నదే నేను రాయగలిగేది.

మొదటి వడపోత మెట్లు. 2018లో అమ్మ వచ్చినప్పుడు ఒక హాలుకి తీసుకెళ్లాను, పేరెందుకు లెండి. టికెట్టు మీద బాల్కనీ అని ఉంటే పైనుంచి బాగా కనిపిస్తుంది కదా అని మురిసిపోయాను. లిఫ్ట్ లేదు. మొదట పాడే వర్ణం అయిపోయేసరికి మేమింకా మెట్ల మలుపు దగ్గర ఉన్నాం. అమ్మ గోడకి చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, అక్కడే నిలబడి ఆ తరవాతి కృతి మొత్తం వింది. "ఇక్కడ్నించే బాగా వినిపిస్తోందే" అంది. అది నొప్పి దాచుకోవడానికి అన్న మాట అని నాకు ఇంటికెళ్లాక తెలిసింది. ఈసారి ప్రతి హాలుకీ ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడిగాను: కింద వరసలో సీటుందా, లిఫ్ట్ ఉందా, బాత్రూమ్ ఎంత దూరం. మూడో ప్రశ్నకి ఒకాయన నవ్వి, "మీరు చాలా సీరియస్ రసికులమ్మా" అన్నాడు తమిళంలో. నవ్వుతాడు, ఆయన మోకాలు బాగుంది.

రెండో వడపోత టైము. పెద్దవాళ్ల కచేరీలు సాయంత్రం నాలుగు తరవాత, రాత్రి ఏడు తరవాత. వాటికే టికెట్లు, తోపులాట, మగ్గం చీరలు. మధ్యాహ్నం పన్నెండుకీ రెండుకీ కుర్రాళ్లు పాడతారు. చాలా సభల్లో వాటికి టికెట్టే ఉండదు, నేరుగా వెళ్లి కూర్చోవడమే. హాల్లో పాతికమంది ఉంటారు, అందులో అరడజను మంది పాడేవాళ్ల చుట్టాలు, ఇద్దరు ఏసీ కోసం వచ్చి నిద్రపోయేవాళ్లు. కానీ ఇరవై రెండేళ్ల పిల్ల ఏడాదంతా సాధన చేసిన తోడి రాగాన్ని ఆ పాతికమంది ముందు భయపడుతూ మొదలుపెట్టి, పావుగంట తరవాత భయం మర్చిపోతుంది చూడండి, అలాంటిది ఏడు గంటల కచేరీలో దొరకదు. నా పదమూడులో ఆరు మధ్యాహ్నానివే. పైగా ఎనిమిదింటికల్లా అమ్మ భోంచేసి మందులు వేసుకోవాలి.

సాయంత్రం టికెట్లు ఆన్‌లైన్‌లో కొన్నాను. ఒక చోట డబ్బులు కట్టే దగ్గర చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. మళ్లీ కడితే రెండు సీట్లు వచ్చాయి, ఒకటి ఎఫ్ వరసలో, ఒకటి కె వరసలో. అమ్మ ఎఫ్‌లో కూర్చుంటుంది. పక్కనున్న మామీ (ఇక్కడ పెద్దావిడల్ని అలాగే అంటారు) పరిస్థితి ఏమవుతుందో అని నా టెన్షన్.

ఎందుకంటే అమ్మ ఊరుకోదు.

విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న మనిషి. 1919లో పెట్టిన కళాశాల, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు తరవాత. అమ్మ చేరేనాటికి వాళ్లెవరూ లేరు, కానీ ఆ గోడల మధ్య చదివినవాళ్లందరూ వాళ్ల శిష్యుల్లాగే మాట్లాడతారు. నాయుడుగారికి 1941లో అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. అందుకని ఫోన్‌లో, "నాయుడుగారు కూర్చున్న స్టేజీ చూడాలే" అంది. ఇప్పుడున్న హాలుకి నెహ్రూగారు శంకుస్థాపన చేసింది 1955లో, అది తెరిచింది 1962లో అని చెప్పాను. కాసేపు ఆగి, "ఊరు అదేగా" అంది. సరే, అమ్మా.

అమ్మకి సంగీతంలో తప్పులు పెద్ద లెక్క కాదు. శ్రుతి కొంచెం అటూ ఇటూ అయినా, "చలికాలం, గొంతు పట్టేసి ఉంటుంది పాపం" అంటుంది. తెలుగు తప్పు పోతే మాత్రం క్షమించదు. 2018లో ఒక కుర్రాడు గానం అనాల్సిన చోట కానం అన్నాడు. అమ్మ వెంటనే, గట్టిగానే, "కానకపోతే కళ్లజోడు పెట్టుకో నాయనా" అంది. ముందు వరసలో వేళ్లు మడుస్తూ తాళం వేస్తున్న పెద్దాయన తాళం ఆపి వెనక్కి చూశాడు.

నేను ఆ కుర్రాడి తరఫునే మాట్లాడతాను. తమిళ లిపిలో క ఖ గ ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. త థ ద ధ కూడా అంతే. అందుకని వాళ్ల కీర్తనల పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేసుకుంటారు. అంటే గానం అనడానికి ఆ పిల్లాడు ముందు "మూడో క" అని గుర్తుపెట్టుకోవాలి. ఆ లెక్కతో పాటే రాగం, తాళం, పక్కన మృదంగం. ఇన్నింటి మధ్య మూడు జారి ఒకటైతే ఏం చేస్తాం? మా ఆఫీసులో, తరమణిలో, తమిళం రాని తెలుగువాళ్లం 'ழ' పలకడానికి పడే అవస్థ ఎవరైనా రికార్డు చేస్తే అమ్మకి వినిపించేదాన్ని.

ఇంకో మాట. ఇక్కడి వాళ్లు తమకి తెలియని భాషలో పాటలు గంటల తరబడి కూర్చుని విన్నారు, ఇప్పటికీ వింటున్నారు. అన్నీ తెలుగు పాటలేనా, మా భాషలో లేవా అని వాళ్లకి కోపం రావడం న్యాయమే. ఆ కోపంలోంచే 1943లో తమిళ్ ఇసై సంగం పుట్టింది. తెలుగు నేలమీద మనం మన వాగ్గేయకారులకి ఏడాదికి ఇన్ని రోజులు ఇస్తామా అని అడిగితే అమ్మ మాట మార్చేస్తుంది.

అయినా అమ్మని ఎగతాళి చేసే అర్హత నాకు లేదు. రెండేళ్ల కిందట ఒక కచేరీలో నా పక్క సీటు మామీ నేను తెలుగుదాన్నని కనిపెట్టేసింది. అది మొదలు పాట పాటకీ మోచేత్తో పొడిచి అర్థం అడుగుతోంది. కాంభోజి రాగంలో త్యాగరాజస్వామి కృతి వచ్చింది, 'మా జానకి చెట్ట పట్టగా మహరాజువైతివి' అని. "చెట్ట అంటే ఏమిటి?" అంది మామీ. తెలీదు నాకు. "చెట్టు లాంటిది" అన్నాను. అన్నాను, నిజం. మామీ నోట్‌బుక్కులో రాసుకుంది కూడా.

మనసు ఒప్పక తని ఆవర్తనం (పాట ఆగి మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం) అప్పుడు బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను.

"చెట్టాపట్టాలేసుకుని తిరుగుతున్నారంటామా లేదా?"

"అంటాం."

"మరి చెట్టులు పట్టుకుని తిరుగుతున్నారా? చెట్ట అంటే చెయ్యే. చెట్ట పట్టడమంటే చెయ్యి పట్టుకోవడం, పెళ్లాడటం. మా పిల్లని చేసుకున్నాక కదయ్యా నువ్వు మహారాజువయ్యావు అని అత్తారివైపు వాళ్లు దెప్పినట్టు అంటున్నాడాయన. ఇంతకీ కచేరీ మధ్యలో బయటెందుకున్నావు?"

"తని నడుస్తోందమ్మా."

"తని నడుస్తుంటే లేచొచ్చావా? ఆ మృదంగం ఆయన రెండు గంటల నుంచి ఎదురుచూసేది ఆ పదిహేను నిమిషాల కోసమే కదే!"

ఫోన్ పెట్టేశాక నేను లోపలికి వెళ్లలేదు. ఎదురుగా క్యాంటీన్. రవ్వదోశ వేస్తున్నారు. ఆ రోజు అమ్మకి చెప్పని సంగతి ఇప్పుడిక్కడ రాసేస్తున్నాను, అమ్మ బ్లాగులు చదవదు కాబట్టి. తరవాత మామీకి అర్థం సరిచేసి చెప్పాను. ఆవిడ చెట్టు కొట్టేసి, చెయ్యి అని రాసుకుని, "చేయి పట్టుకుంటే రాజవుతాడా, మా ఇంటాయన అవలేదే" అంది.

క్యాంటీన్ల గురించి కూడా రాయాలి. సీజన్లో వాటికి కచేరీలంత పేరు. మధ్యాహ్నం అరిటాకు భోజనానికి టోకెన్లు తీసుకుని నిలబడేవాళ్లలో లోపల ఎవరు పాడుతున్నారో తెలియనివాళ్లు కూడా ఉంటారు. అరటిపువ్వు వడ, కాశీ హల్వా, చివర్లో స్టీలు గ్లాసులో కాఫీ. తినడానికి వచ్చేవాళ్లని చూసి కొందరు రసికులు మూతి ముడుస్తారు గానీ నాకు అభ్యంతరం లేదు. వడ కోసం వచ్చి కచేరీకి ఉండిపోయినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు, అందులో ఒకరు మా ఆయన.

ప్రయాణం సంగతి. నేనొక్కదాన్నే అయితే వేళచ్చేరిలో లోకల్ రైలెక్కి తిరుమయిలైలో దిగిపోతాను. ఆ ఎత్తు స్టేషన్ మెట్లు అమ్మ ఎక్కలేదు. మైలాపూర్లో లజ్ మూల చుట్టుపక్కల మెట్రో పనులతో ఆటోవాళ్లు ఏ సందులోంచి తిప్పుతారో చెప్పలేం. అందుకని మైలాపూర్ కచేరీ ఉన్న రోజుల్లో ముప్పావుగంట ముందు బయల్దేరాలని రాసుకున్నాను. సంచిలో శాలువా రెండు (హాలులో ఏసీ దయ చూపదు), మాత్రల డబ్బా, గోరువెచ్చని నీళ్లు, ఖర్జూరాలు. పక్కవాళ్లకి పెట్టడానికి అమ్మ తెచ్చే జంతికలు. కచేరీలో జంతికలు కరకరలాడించకూడదని ముందే చెప్పాలి.

వాన మాట మళ్లీ. 2015లో కూడా అమ్మ టికెట్ తీసుకుంది. డిసెంబరు 1న కురిసిన వాన మర్నాటికి మా వీధిలో నడుములోతు నీళ్లైంది. కరెంటు లేదు, ఫోన్ లేదు. మూడో రోజు మేడ మీద సిగ్నల్ దొరికితే అమ్మ అడిగిన మొదటి మాట మీరు బాగున్నారా అని. రెండో మాట, కచేరీలు ఉంటాయా అని. నాకప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నవ్వొస్తోంది. ఆ ఏడాది రాలేదు, తరవాత నాన్న ఆరోగ్యం, తరవాత 2018 మెట్లు, తరవాత కోవిడ్.

నిన్న రాత్రి కాగితం మొత్తం ఫోన్‌లో చదివి వినిపించాను. రోజుకొకటి, రెండు ఆదివారాలూ క్రిస్మస్ రోజూ రెండేసి. ఒక రోజు పొద్దున్నే మైలాపూర్ మాడవీధుల్లో మార్గళి (మన ధనుర్మాసం) భజన, అది లెక్కలో కలపలేదు. మా ఊళ్లో నెలగంట పట్టాక హరిదాసు వచ్చేవాడు కదా, అలా ఉంటుందా అని అడిగింది. ఇక్కడ గుంపుగా నడుస్తూ పాడతారని చెప్పాను. "నడవాలా?" అంది. వీధి మూల కుర్చీ వేయించి కూర్చోబెడతానన్నాను.

అంతా విని, లెక్కపెట్టింది. వేళ్లు మడుస్తున్న చప్పుడు వినిపించదు గానీ మడుస్తోందని నాకు తెలుసు.

"పంతొమ్మిదో తారీఖు ఏమీ రాయలేదేంటే?"

"ఆ రోజు పొద్దున్నే కదమ్మా దిగుతున్నావు. రెస్టు."

"రైల్లో రాత్రంతా పడుకునే కదా వస్తాను. సాయంత్రం ఏడింటికి ఎక్కడేముందో చూడు. కింద వరసలో."

చూస్తున్నాను. ఒక చోట రెండు సీట్లు కనిపించాయి, పక్కపక్కనే. చక్రం తిరుగుతోంది.