కూలర్ కింద నీళ్లు ఎప్పుడు చేరుతున్నాయో ముందు చూడండి

కరీంనగర్‌లోని మా ఇంట్లో కిటికీకి ఆనించి నిలబెట్టిన ఇనుప కూలర్ ఒకటి ఉంది. మే నెలలో వరుసగా మూడు రోజులు తెల్లవారేసరికి దాని కింద గచ్చు మీద నీళ్లు నిలిచి ఉండటం చూసి, తొట్టికి చిల్లు పడిందని అనుకున్నాను. అడుగున రెండు తుప్పు మచ్చలు కనిపించగానే వాటి మీద ఎం-సీల్ పూశాను. నాలుగో రోజు పొద్దున కూడా నీళ్లు అలాగే ఉన్నాయి. ఆ రాత్రి కూలర్ పక్కనే పడుకుని గమనించిన తర్వాత, తొట్టిలో ఏ లోపమూ లేదని అర్థమైంది.

జరుగుతున్నది ఇదీ. తెల్లవారే దాకా సరిపోవాలని రాత్రి పదింటికి, కూలర్ నడుస్తుండగానే, తొట్టిని అంచు దాకా నింపేవాళ్లం. అప్పటికే మూడు వైపుల గడ్డిలోనూ పైనున్న కాలువలోనూ కొన్ని లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. కూలర్ ఆపగానే, లేదా కరెంటు పోగానే, ఆ నీళ్లన్నీ నెమ్మదిగా కిందికి దిగి తొట్టిలో చేరతాయి. మా కూలర్‌లో అలా దాదాపు ఒక అంగుళం మట్టం పెరిగింది. నిండుగా ఉన్న తొట్టిలో ఆ అంగుళానికి చోటు లేదు కనుక నీళ్లు అంచు దాటి గచ్చు మీదికి వచ్చాయి. ఇప్పుడు నాలుగు వేళ్ల వెలితి ఉంచి నింపుతున్నాం, గచ్చు పొడిగా ఉంటోంది. పైపు కలిపి ఫ్లోట్ పెట్టుకున్నవారు దానిని కొంచెం దిగువకు సరిచేసుకుంటే ఇదే ఫలితం వస్తుంది.

అందుకే ఎక్కడ కారుతోందని వెతకడానికి ముందు ఎప్పుడు కారుతోందో చూడాలని నేను గట్టిగా చెబుతాను. ఆగిన తర్వాత మాత్రమే నీళ్లు వస్తే కారణం పైన చెప్పిందే. ఎంతసేపు ఆపి ఉంచినా చుక్కలు ఆగకపోతే తొట్టిని, అడుగున ఉండే బిరడాను, దాని రబ్బరు వాషర్‌ను అనుమానించాలి. నడుస్తున్నప్పుడు మాత్రమే కారితే తొట్టి జోలికి పోకుండా పైకి చూడాలి.

తొట్టిని పరీక్షించడానికి పంపు నడపకుండా సగం దాకా నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత గీసి, బయట అంతా పొడిబట్టతో తుడిచి, కింద పాత వార్తాపత్రిక పరిచి మూడు గంటలు వదిలేయాలి. బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు కలిపితే కారిన జాడ కాగితం మీద స్పష్టంగా కనబడుతుంది. అయితే చుక్క పడిన చోటే చిల్లు ఉందనుకోకూడదు, ఎందుకంటే నీరు రేకు అడుగును పట్టుకుని పల్లానికి పాకి, అక్కడి నుంచి రాలుతుంది. చిల్లు దొరికితే తొట్టిని పూర్తిగా ఆరబెట్టి, తుప్పును గరుకు కాగితంతో రుద్ది, లోపలి వైపు నుంచే ఎం-సీల్ పెట్టాలి. లోపల పెట్టిన అతుకును నీటి బరువు రేకుకు అదుముతుంది, బయట పెట్టినదానిని అదే బరువు ఊడగొడుతుంది. నేను బయట పూసిన అతుకు వల్ల, చిల్లు నిజంగా ఉన్నా, పెద్ద ప్రయోజనం ఉండేది కాదు.

కూలర్‌లో చేయి పెట్టే ముందు ప్లగ్గు ఊడదీయాలి. స్విచ్ ఆపితే సరిపోతుందని దయచేసి అనుకోకండి. ఇనుప కూలర్, తడి గచ్చు, చెప్పులు లేని కాళ్లు ఒక్కచోట కలిసినప్పుడు వైరులోని చిన్న లోపం కూడా ప్రాణం తీస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ తప్పనిసరి, ఇంటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే స్విచ్) ఉంటే ఇంకా మేలు.

ఇక నడుస్తున్నప్పుడు కారడం గురించి. మా వంటి బోరు నీళ్ల ఇళ్లలో దీనికి మూలం ఎక్కువగా సున్నపు తెట్టే. ఒక లీటరు నీరు ఆవిరవుతూ గాలి నుంచి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుంటుంది, మనకు చల్లదనం వచ్చేది అందువల్లే. కానీ ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని లవణాలు వెనకే మిగిలి రోజురోజుకూ చిక్కబడి పై కాలువ రంధ్రాలను మూసేస్తాయి. అప్పుడు నీరు గడ్డి మీదికి దిగక అంచు మీదుగా బయటికి పొర్లుతుంది. చీపురు పుల్లతో రంధ్రాలు పొడిచి, నిమ్మ ఉప్పు కలిపిన నీటితో రుద్ది కడిగితే తెట్టు వదులుతుంది. వారానికోసారి తొట్టిని పూర్తిగా ఖాళీ చేస్తే తెట్టు కట్టడం తగ్గుతుంది, డెంగీ దోమ గుడ్లు పెట్టి పెరిగే అవకాశమూ తగ్గుతుంది.

గడ్డి ఒకచోట కుంగి ఖాళీ ఏర్పడితే అక్కడ పడే ధారను ఫ్యాను లాగి గదిలోకి తుంపరగా విసురుతుంది. గడ్డి పోచలు జాలీ దాటి బయటికి వేలాడితే, ఒత్తి నూనెను లాగినట్టు, నీటిని లాగి చుక్కలుగా రాలుస్తాయి. వాటిని కత్తిరిస్తే చాలు. స్టాండు ఒక కాలు కుంగినా పై కాలువ వాలిపోయి ఒక వైపు గడ్డి ఎండిపోతుంది, మరో వైపు పొంగుతుంది.

తొట్టిలో ఐసు గడ్డలు వేసిన రోజు బయటి రేకు మీద కనిపించే తడి మాత్రం కారుడు కాదు. చల్లని చెంబుకు పట్టినట్టే గాలిలోని తేమ దానికి పట్టిన చెమట అది, ఐసు కరిగి నీళ్లు మామూలయ్యాక మళ్లీ కనిపించదు.