పేరు తీసేస్తే ఎవరికి తెగుతుంది?

దుబాయ్ దేరాలో డొమైన్ పేర్లు (వెబ్‌సైట్ల చిరునామాలు), వెబ్ హోస్టింగ్ (ఆ సైట్లకు చోటు) అమ్మే ఒక చిన్న కంపెనీలో నాది సపోర్టు ఉద్యోగం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె. ఉద్దానం నుంచి బయటి దేశాలకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు. కొందరు ఓడల మీద వెళ్తారు. సెలవుకు వచ్చినప్పుడు చెప్పుకోవడానికి వాళ్లకు ఒక ట్యాంకో, పైపులైనో, రేవో ఉంటుంది. నా పని అలా చూపించగలిగేది కాదు. మొన్న వేసవిలో ఇంటికి వెళ్లినప్పుడు మా పెద్దనాన్న నిలదీశారు.

"ఇంతకీ నువ్వు అక్కడ అమ్మేదేమిటిరా?"

"పేర్లు పెద్దనాన్నా. అమ్మడం కూడా కాదు, ఏడాదికి ఇంత అని అద్దెకివ్వడం."

"అద్దె కట్టకపోతే?"

"పేరు పోతుంది."

ఆయన ఒకప్పుడు మస్కట్‌లో చాలాకాలం మేస్త్రీగా చేసి వచ్చినవారు. కాసేపు ఆలోచించి, "అయితే మన వీసా లాంటిదే. ఉండేది మనం, కష్టపడేది మనం, ముద్ర వేసే చెయ్యి మాత్రం ఇంకొకడిది" అన్నారు. కస్టమర్లకు నేను ఇంగ్లీషులోనూ హిందీలోనూ చెప్పే వివరణల్లో ఇంత సూటిదనం ఎప్పుడూ లేదు.

ఆ ముద్ర ఎవరిదో చెప్పాలంటే కొంచెం పైకి వెళ్లాలి. మా కంపెనీ పేర్లను నేరుగా ఇవ్వదు. అమెరికాలోని ఒక పెద్ద రిజిస్ట్రార్ (పేర్లు నమోదు చేసే కంపెనీ) దగ్గర తెచ్చి మారు బేరం చేస్తుంది. డాట్ కామ్ పేర్లన్నిటి పద్దు వర్జీనియాలో ఉన్న వెరిసైన్ దగ్గర ఉంటుంది. మన డాట్ ఇన్‌ను నిక్సీ అనే భారతీయ సంస్థ, రష్యా డాట్ ఆర్‌యూను మాస్కోలోని ఒక సమన్వయ కేంద్రం చూస్తాయి. పేరు చివర డాట్ తర్వాత వచ్చే ఇలాంటి ముక్కను తోక అందాం. ఏ తోకకు ఎవరు యజమాని అన్న మూల జాబితాను సమన్వయం చేసేది 1998లో కాలిఫోర్నియాలో లాభాపేక్ష లేని సంస్థగా పుట్టిన ఐకాన్. 2016 అక్టోబరు 1 నుంచి దాని మీద అమెరికా ప్రభుత్వ ఒప్పందపు పర్యవేక్షణ లేదు. కానీ సంస్థ ఉన్నది అమెరికా నేల మీద కాబట్టి అక్కడి ఆంక్షల చట్టాలు దానికీ వర్తిస్తాయి.

ఇదంతా మామూలు రోజుల్లో ఎవరికీ పట్టని విషయం. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదకు వెళ్లాక పట్టింది. 28వ తేదీన, అప్పటి ఉక్రెయిన్ ఉప ప్రధాని, డిజిటల్ మంత్రి మిఖాయిలో ఫెదరోవ్ ఐకాన్‌కు లేఖ రాశారు. డాట్ ఆర్‌యూతో పాటు రష్యన్ లిపిలోని తోకను, సోవియట్ కాలం నాటి డాట్ ఎస్‌యూను రద్దు చేయమనీ, రష్యాలో ఉన్న రూట్ సర్వర్లను (ఆ మూల జాబితాను అందించే యంత్రాలను) ఆపేయమనీ అడిగారు. ఐరోపాలో ఐపీ చిరునామాలు (నెట్‌లో కంప్యూటర్లను గుర్తించే అంకెలు) పంచే రైప్ సంస్థకూ ఇలాంటి విన్నపమే వెళ్లింది. మార్చి 2న ఐకాన్ అధినేత యోరాన్ మార్బీ జవాబిచ్చారు: మా సంస్థ ఉన్నది ఇంటర్నెట్‌ను నడిపించడానికి, ఆపడానికి కాదు అన్నది దాని సారం. రైప్ కూడా కాదంది.

నేను ఈ ఉత్తరాలు చదివింది ఇంకోరకం వార్తల మధ్య. మా బంధువుల అమ్మాయి ఒకరు అప్పుడు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వైద్యం చదువుతోంది. అదే మార్చి 2న భారత రాయబార కార్యాలయం ఖార్కివ్‌లోని మనవాళ్లందరినీ సాయంత్రం ఆరులోగా పిసోచిన్, బాబాయ్, బెజ్‌ల్యుదివ్కా అనే ఊళ్లకు చేరుకోమంది. బండి దొరకకపోతే నడిచైనా సరే అంది. ఆ అమ్మాయి పిసోచిన్ దాకా నడిచింది. టెక్కలిలో వాళ్ల అమ్మానాన్నలు, దుబాయ్‌లో నేను, ఫోను పట్టుకుని కూర్చున్నాం. కాబట్టి ఆ యుద్ధంలో నా మనసు ఎటున్నదో వేరే చెప్పక్కర్లేదు. అయినా డాట్ ఆర్‌యూ తీసేయమన్న కోరిక మాత్రం సరికాదనిపించింది. ఇప్పటికీ అదే అనిపిస్తోంది.

ఎందుకో చెప్పడానికి, ఐకాన్ సరేనని ఉంటే ఏమయ్యేదో చూడాలి. మూల జాబితాలోంచి ఒక తోకను తీసేసిన మరుక్షణం ఏమీ కాదు. ప్రపంచంలోని సర్వర్లు ఆ వివరాన్ని రెండు రోజుల దాకా గుర్తు పెట్టుకుంటాయి. తర్వాత ఒక్కొక్కటిగా మరిచిపోతాయి. కానీ ఎవరి సర్వర్లు? రష్యా 2019 నవంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం ప్రకారం సొంత జాతీయ డొమైన్ వ్యవస్థను సిద్ధం చేసుకుంది. దేశం లోపలి కంపెనీలను దాని మీదకు మళ్లిస్తే లోపలివాళ్లకు డాట్ ఆర్‌యూ పేర్లు పనిచేస్తూనే ఉంటాయి. సైన్యం తన ఆదేశాలను డాట్ ఆర్‌యూ వెబ్‌సైట్‌లో చూసుకోదు. ఆ పేర్లు మాయమయ్యేది దేశం బయట ఉన్నవాడికి. మాస్కోలో ఉన్న తల్లికి మెయిల్ రాసే కొడుకుకు. పెన్షన్ కాగితం కోసం ఊరి మునిసిపాలిటీ సైటు తెరిచే ముసలాయనకు. పాత మెయిల్ చిరునామాకు పాస్‌వర్డ్ తెప్పించుకోవాల్సిన తాజిక్ కూలీకి. ఆఖరికి, యుద్ధం వద్దంటున్న రష్యన్లు లోపల ఏం రాస్తున్నారో చదవాలనుకునే మనకు. శిక్ష ఎవరికి అనుకున్నారో వాళ్లను వదిలేసి, ప్రవాసి మీద పడే శిక్ష ఇది.

వార్త తెగిపోవడమంటే ఏమిటో ఉద్దానం వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకు ఒరిగాయి, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు పడ్డాయి. ఊళ్లో ఉన్నవాళ్లకు కనీసం పక్కింటివాళ్లు ఎలా ఉన్నారో తెలుసు. మాకు అదీ తెలియదు. షార్జాలో మావాళ్లు పదిమంది ఉండే గదిలో ప్రతివాడూ తన ఫోనుతో పాటు పక్కవాడి ఫోను కూడా చూస్తూ, ఎవరికైనా ఒక్క కాల్ కలిస్తే ఆ ఊరి చుట్టుపక్కల అన్ని ఊళ్ల సంగతులూ అడిగించాం. అది గాలివాన చేసిన పని. దాన్నే ఒక సంస్థ సంతకం పెట్టి చేస్తానంటే ఒప్పుకోవడం నా వల్ల కాదు.

మా ఆఫీసులో డిజైన్ పని చేసే ఆవిడది ఖార్కివే. ఆవిడ దగ్గర నేను ఈ మాటలు అంటే మొహం చిట్లించారు. "మా ఇంటి మీద బాంబు వేసే దేశానికి అన్ని సేవలూ మామూలుగానే అందాలంటావు. దాన్ని తటస్థత అంటావు. మాకది సహాయం నిరాకరించడంలాగే కనిపిస్తుంది" అన్నారు. నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. అమెరికా రిజిస్ట్రార్ నేమ్‌చీప్ అదే ఫిబ్రవరి 28న రష్యన్ కస్టమర్లను మార్చి 6లోగా వేరేచోటికి వెళ్లిపొమ్మంది. ఆ సంస్థ ఉద్యోగుల్లో చాలామంది ఉక్రెయిన్‌వాళ్లే, అందులోనూ ఎక్కువమంది ఖార్కివ్‌లో. తలమీద బాంబులు పడుతున్న ఉద్యోగిని, అటువైపు కస్టమర్‌కు నవ్వుతూ ఫిర్యాదు పరిష్కరించమని ఏ యజమాని అడగగలడు? ఆ కంపెనీని నేను తప్పుపట్టలేను. కస్టమర్లకు వెళ్లడానికి ఇంకో చోటు ఉంది. యుద్ధాన్ని వ్యతిరేకించే సైట్లకు మినహాయింపు ఇస్తామని కూడా అన్నారు. అయితే, పేరును ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకోదానికి మార్చడానికి మామూలుగా ఐదు రోజులదాకా పడుతుందని తెలిసినవాడిగా, ఆ గడువు మరీ ఇరుకు అని మాత్రం చెప్పగలను.

ఒక దుకాణం నాకు సరుకు ఇవ్వననడం వేరు, ఊరి పేరునే పటంలోంచి చెరపడం వేరు. ఆవిడకు నేను చెప్పగలిగింది అంతే. ఆవిడ ఒప్పుకోలేదు. ఇప్పటికీ కలిసే భోజనం చేస్తాం.

వేరు వేరు అన్నాను గానీ, చిన్న వాళ్ల దగ్గరకు వచ్చేసరికి ఆ తేడా కూడా పలచబడుతుంది. షార్జాలో మిఠాయి దుకాణం నడిపే సిరియా ఆయన ఒకరు మా కస్టమర్. డాట్ కామ్ పేరు. కొన్నేళ్ల కిందట రెన్యువల్ సమయంలో పైనున్న రిజిస్ట్రార్ ఆయన పేరును తాళం వేసి పెట్టింది. కారణం వెతికితే, మొదట నమోదు చేసుకున్నప్పుడు ఇచ్చిన ఇంటి చిరునామా అలెప్పోది, ఫోను నంబరు సిరియాది. దుకాణం ఎమిరేట్స్‌లో, లైసెన్సు ఎమిరేట్స్‌ది, కొనేవాళ్లు ఎమిరేట్స్‌లో. పాస్‌పోర్టు, ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లు పంపాం. పైనుంచి ఒకే వాక్యం వచ్చింది: నిబంధనల ప్రకారం సేవ అందించలేం. ఎవరు నిర్ణయించారో, ఎవరిని అడగాలో అందులో లేదు. ఆయన స్థానిక డాట్ ఏఈ పేరు తీసుకున్నారు. పాత పేరుతో అచ్చు వేయించిన అట్టపెట్టెలు గోడౌన్‌లో అలాగే ఉండిపోయాయి. 2025 జూన్ 30న సిరియా మీది అమెరికా ఆంక్షల కార్యక్రమం ట్రంప్ సంతకంతో రద్దయింది. అప్పటికి ఆ పాత పేరును ఇంకెవరో ఎగరేసుకుపోయి ప్రకటనల పేజీ పెట్టుకున్నారు.

నిజానికి ఆంక్షలు వేసే ప్రభుత్వాలకు కూడా ఈ సంగతి కొంత తెలుసు. 2022 ఏప్రిల్‌లో అమెరికా ఖజానా శాఖ రష్యా విషయంలో ఇచ్చిన జనరల్ లైసెన్స్ 25 అనే సాధారణ అనుమతి, డొమైన్ నమోదుతో సహా ఇంటర్నెట్‌లో మాట్లాడుకోవడానికి అవసరమైన సేవలను మినహాయించింది. కానీ లైసెన్సు చదివి అర్థం చేసుకుని సేవ ఇవ్వడం కన్నా, లాయరు మాట విని ఆ దేశం మొత్తాన్ని వదిలేయడం కంపెనీకి చవక. మిఠాయి దుకాణం ఆయన కట్టే ఏడాది రుసుము లాయరు ఒక్క ఫోన్ కాల్‌కు సరిపోదు.

ఇక అసలు గురిపెట్టిన వాళ్లకు ఏమవుతుంది? ఇరాన్‌కు చెందిన ఫార్స్ వార్తా సంస్థ డాట్ కామ్ పేరు 2020 జనవరిలో ఆంక్షల వల్ల ఆగిపోయింది. 2021 జూన్‌లో ప్రెస్ టీవీతో సహా పదుల సంఖ్యలో సైట్ల పేర్లను అమెరికా స్వాధీనం చేసుకుంది. డాట్ కామ్ పద్దు అమెరికాలో ఉంది కాబట్టి అది సాధ్యమైంది. రెండు సంస్థలూ టెహరాన్ నుంచి నడిచే డాట్ ఐఆర్ పేర్లతో కొనసాగాయి. ప్రభుత్వం వెనకున్నవాడికి రెండో పేరు క్షణంలో దొరుకుతుంది. మిఠాయి ఆయనకే అట్టపెట్టెలు మిగిలాయి.

ఇదంతా విని మా బావ నవ్వాడు. బావ వెల్డరు, బస్రాలో ఆయిల్ కంపెనీల పనులు చేసి వచ్చాడు. "ఇరాక్‌కు కూడా అలాంటి తోక ఉంటుందా?" అని అడిగాడు. ఉంది, డాట్ ఐక్యూ. దాని కథ మరీ విచిత్రం. ఆ తోకను చూసుకునే కంపెనీ అమెరికాలోని టెక్సాస్‌లో ఉండేది. 2002 చివరలో ఆ కంపెనీ నడిపే అన్నదమ్ములను లిబియా, సిరియాలకు కంప్యూటర్లు అక్రమంగా ఎగుమతి చేశారన్న కేసులో అరెస్టు చేశారు. కేసుకూ ఇరాక్ తోకకూ సంబంధం లేదు. కానీ చూసే నాథుడు లేక అది మూలపడింది. 2005లో గానీ ఇరాక్ ప్రభుత్వ సంస్థ చేతికి రాలేదు. సరిగ్గా దేశం యుద్ధంలో చితికిపోయి, ప్రజలకు ఒక ప్రభుత్వ సైటు, ఒక ఆసుపత్రి సైటు అవసరమైన ఏళ్లవి.

కోర్టులు కూడా ఈ ముడి దగ్గర ఆగాయి. ఉగ్రవాద దాడుల బాధితులు కొందరు, ఇరాన్, సిరియా, ఉత్తర కొరియాల మీద గెలిచిన నష్టపరిహారం కింద ఆ దేశాల తోకలను జప్తు చేయించమని అమెరికాలో కేసు వేశారు. వాళ్ల బాధ నిజమైనది. 2016 ఆగస్టులో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు కుదరదంది. ఆ తోకల కింద పేర్లు తీసుకున్న, కేసుతో సంబంధంలేని వాళ్లకు జరిగే నష్టాన్ని కోర్టు కారణంగా చూపింది. పెద్దనాన్న దీన్ని విని తల ఊపారు. "ఇంటి యజమాని బాకీ పడితే అద్దెకున్నవాణ్ణి గెంటరు" అన్నారు. గెంటుతారు పెద్దనాన్నా, మన గల్ఫ్‌లో చూడలేదా అనబోయి ఊరుకున్నాను.

అలాగని ఏ పేరునూ ముట్టకూడదని నేను అనను. 2022 మార్చి 10న ఇంటర్నెట్ నిర్వహణలో అనుభవమున్న కొందరు ఒక బహిరంగ లేఖ రాశారు: దేశాన్ని విడదీయకండి, సైన్యానివీ ప్రచార సంస్థలవీ అయిన పేర్లు, చిరునామాలను మాత్రం జాబితా కట్టి ఆపే పద్ధతి తయారు చేద్దామని. ఆ దారి నయం. కాకపోతే జాబితాలో చేర్చిన కారణం బయటికి కనబడాలి. తప్పు అనుకునేవాడికి వెళ్లి మొరపెట్టుకునే గుమ్మం ఉండాలి. పుట్టిన ఊరు, ఫోను నంబరు మొదటి అంకెలు చూసి తాళం వేయకూడదు. దేశపు తోక జోలికి ఎవరూ పోకూడదు, అడిగే పక్షం ఎంత న్యాయమైనదైనా సరే.

"అయితే మనకేమిటి? మన మీద ఎవరు ఆంక్షలు వేస్తారు?" అన్నాడు బావ. నయారా సంగతి చెప్పాను. 2025 జులైలో ఐరోపా సమాఖ్య రష్యా మీద వేసిన 18వ విడత ఆంక్షల్లో గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ చేరింది. దాన్ని నడిపే నయారాలో దాదాపు సగం వాటా రష్యా రాస్‌నెఫ్ట్‌ది. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీ ఈమెయిళ్లతో సహా సేవలు ఆపేసింది. భారతదేశంలో, భారతీయ ఉద్యోగులు, భారతీయ చట్టం, డబ్బు కట్టిన సేవ. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక, నెలాఖరుకు సేవలు తిరిగొచ్చాయి. అంత పెద్ద రిఫైనరీకి హైకోర్టు గుమ్మం ఉంది. పలాసలో జీడిపప్పు బట్టీ నడిపే మా బావ తమ్ముడికి?

వాడు అక్కడే కూర్చుని ఉన్నాడు. ఎగుమతి కోసం సైటు పెడదామనుకుంటూ డాట్ కామ్ తీసుకోవాలా అని అడగడానికే వచ్చాడు. రెండూ తీసుకో అన్నాను, డాట్ కామ్, డాట్ ఇన్ కూడా; అట్టపెట్టెల మీద మాత్రం డాట్ ఇన్ వేయించు. కావాలంటే తెలుగు లిపిలోనే డాట్ భారత్ కూడా దొరుకుతుంది, కానీ దుబాయ్ వ్యాపారి కీబోర్డు మీద అది కొట్టలేడు. దరఖాస్తులో పలాస చిరునామా, పలాస ఫోను నంబరే రాయమన్నాను. నమోదు మెయిల్ ఆ డొమైన్‌దే కాకుండా వేరేది ఉండాలన్నాను, పేరు ఆగినరోజు దాన్ని విడిపించుకునే ఉత్తరం దేనికి వస్తుందో అతను ఆలోచించలేదు.

"నీ పేరు మీద తీసుకుంటే నయం కదా అన్నా, నువ్వు అక్కడే ఉంటావు" అన్నాడు.

వద్దన్నాను. నా వీసా మార్చిలో రెన్యువల్‌కు వస్తుంది.